రిజర్వు తిప్పని బండి

రాబర్ట్ పిర్సిగ్ రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్' నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇంజనీరింగ్ మూడో ఏట. అప్పుడు నచ్చింది, కానీ సగం అర్థం కాలేదు. రెండోసారి పోయినేడు, మొగిలి ఘాట్‌లో మా కారు బ్రేకు పెడల్ కాలి కింద నేలదాకా దిగిపోయిన వారం తర్వాత. ఈసారి అర్థమైంది. కొన్నిచోట్ల గట్టిగా కోపం కూడా వచ్చింది. ఆ కోపం న్యాయమైందేనా అని తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

పుస్తకం చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1974లో వచ్చింది. 121 మంది ప్రచురణకర్తలు వద్దన్నాక ఒకరు వేసుకున్నారని ప్రసిద్ధి. ఒక తండ్రి, వెనక సీట్లో పదకొండేళ్ళ కొడుకు క్రిస్, పాత హోండా మీద మినియాపొలిస్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 17 రోజుల ప్రయాణం. మోంటానా దాకా జాన్, సిల్వియా అనే జంట తమ బీఎండబ్ల్యూ మీద తోడొస్తారు. దారి పొడవునా తండ్రి మనసులో ఉపన్యాసాలు నడుస్తుంటాయి. వాటి మధ్యలో ఫీడ్రస్ అనే ఇంకొకడి కథ. ఆసుపత్రిలో కరెంటు షాకులివ్వక ముందు తానే ఆ ఫీడ్రస్. మనకు దగ్గరి సంగతి ఒకటుంది. ఆ ఫీడ్రస్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుతూ, హిరోషిమా మీద పడ్డ బాంబు కూడా మాయేనా అని అడుగుతాడు. ప్రొఫెసరు నవ్వి అవునంటాడు. అంతే, ఆ క్లాసు వదిలేసి వెళ్ళిపోతాడు. ఈ అరపేజీ కోసమైనా పుస్తకం చదవొచ్చు. షికాగో యూనివర్సిటీలో అరిస్టాటిల్ మీద యుద్ధం చేసే భాగం మాత్రం నాకు రెండోసారీ సాగలేదు. దాటేసినా నష్టం లేదు.

పిర్సిగ్ బతుకుతెరువు కంప్యూటర్ మాన్యువళ్ళు రాయడం. అందుకే బండి గురించి రాసేటప్పుడు అతని వాక్యానికి ఎక్కడలేని బలం వస్తుంది. బండి ఆగిపోతే నోటుబుక్కు తీసి సమస్య ఏమిటి, కారణం ఏమై ఉండొచ్చు, దాన్ని ఎట్లా పరీక్షించాలి, ఏం తేలింది అని వరసగా రాసుకోమంటాడు. రోజూ బగ్గుల వెంట పరిగెత్తేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కాని "బండి చెడిపోయింది" అని రాయకుండా "బండి ఎందుకు స్టార్ట్ కావడం లేదు" అని రాయడానికి కూడా భయపడే నిదానం ఒకటుంటుంది చూడండి, తెలిసిందానికంటే ఒక్క మాట ఎక్కువ అనకపోవడం, అది అతను చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పగా నేను చదవలేదు. కదలని మర గురించిన పేజీలు మరీ బాగుంటాయి. గాడి అరిగిపోయి కదలకుండా కూర్చున్న ఒక్క చిన్న మర ఖరీదు ఆ క్షణంలో మొత్తం బండి ఖరీదంత అంటాడు. మా ఆల్టో వెనక చక్రం డ్రమ్ము దగ్గర తుప్పు పట్టిన బ్లీడింగ్ నిప్పిల్‌తో ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కుస్తీ పట్టినవాడిగా దీనికి నేను సాక్షి.

జాన్‌కి బండంటే ఇష్టమేగాని దాని లోపలి సంగతి అంటే అసహ్యం. అతని బీఎండబ్ల్యూ హ్యాండిల్‌బారు వదులైతే, బీరు డబ్బా రేకు కత్తిరించి సందులో పెడదాం, అంతకంటే మంచి షిమ్ లేదు అంటాడు మన కథకుడు. జాన్ మొహం మాడిపోతుంది. అంత ఖరీదైన జర్మన్ బండికి బీరు డబ్బా ముక్కా! టెక్నాలజీ తనది కాదనుకునే మనిషి మొహం అది అని పిర్సిగ్ అక్కడినుంచి వంద పేజీలు నడుస్తాడు.

తిరుపతిలో కూర్చుని చదివితే ఈ జాన్ ఎవరో ఒక పట్టాన దొరకడు. కరకంబాడిలో అమరరాజా వాళ్ళ బ్యాటరీలు తయారవుతాయి. 1985లో మొదలైన కంపెనీ అది. శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు బండ్లు బయటికొస్తున్నాయి. సత్యవేడు వైపు హీరో మోటార్ సైకిళ్ళు, అపోలో టైర్లు. మా వీధిలో ముగ్గురు షిఫ్టు బస్సెక్కి ఇలాంటి ఫ్యాక్టరీలకే పోతారు. ఇక్కడ మోటారు అంటే ఎక్కడినుంచో వచ్చిపడిన భూతం కాదు, జీతం. బీరు డబ్బా ముక్క పెడతానంటే మా వాళ్ళు మొహం మాడ్చుకోరు, ఇంకో రెండు ముక్కలు తెచ్చిస్తారు. మరి మా దూరం ఎక్కడుందంటే, చదువుకున్నోడు చేతికి మసి అంటించుకోకూడదు అనే దగ్గర. ఇంజనీరింగ్ మొదటి ఏడు వర్క్‌షాప్‌లో ఫిట్టింగు, కార్పెంటరీ, హౌస్ వైరింగు అన్నీ ఉంటాయి. ఆకురాయితో ఇనప ముక్క నున్నగా చెయ్యమంటే మాలో చాలామందికి ఆ పని ల్యాబ్ అటెండరే చేసిపెట్టాడు. రికార్డు సీనియర్ల దగ్గర చూసి రాసుకున్నాం. మార్కులు బాగానే వచ్చాయి. నాకు డిగ్రీ ఉంది, మా ఇంటి కారు బానెట్ మొదటిసారి ఎత్తింది మాత్రం ముప్పై దాటాక.

గేర్లలో కూడా బుద్ధుడుంటాడు అన్న ధోరణి మాట ఈ పుస్తకంలో అందరికీ గుర్తుండేది. అమెరికాలో అది పెద్ద మాట అయుండొచ్చు. చిత్తూరు జిల్లాలో ఆయుధ పూజ నాడు రోడ్డు మీదికొచ్చి చూడండి. జేసీబీకి కూడా విభూతి పట్టెలు, అరటి పిలకలు, చక్రాల కింద నిమ్మకాయలు, ముందర పగిలిన గుమ్మడికాయ. దేవుడు యంత్రంలో ఉన్నాడని ఇక్కడ ఎవరికీ ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అయితే దీన్ని చూసి మనం మురిసిపోవడానికీ లేదు. నిమ్మకాయ తొక్కించిన కార్లలో ఎన్నింటికి ఆ ఏడు బ్రేకు ఆయిలు మార్చి ఉంటారు? పూజకీ పట్టింపుకీ పిర్సిగ్ వేసిన ముడి నాకు ఇక్కడే వదులైపోయింది.

ఇక కోపం సంగతి. పుస్తకం మొదట్లోనే ఒక రిపేరు షాపు వస్తుంది. ఇంజన్ పట్టేస్తే బండి అక్కడిస్తాడు. కుర్రాళ్ళు రేడియో పెట్టుకుని, జోకులేసుకుంటూ, సుత్తీ ఉలీ పట్టుకుని ఫిన్నులు విరగ్గొడతారు. చివరికి అసలు కారణం ఆయిలు అందించే భాగంలో విరిగిన 25 సెంట్ల పిన్ను అని అతనే కనిపెడతాడు. ఇక్కడ పిర్సిగ్ ఇచ్చే తీర్పు కఠినంగా ఉంటుంది. వాళ్ళు పని చేస్తూ కూడా ప్రేక్షకుల్లా ఉన్నారని, పని మీద పట్టింపు లేదని, ఈ కాలపు రోగమంతా ఆ షాపులోనే ఉందని. వాళ్ళకెంత జీతమో, రోజుకెన్ని బండ్లు చూడాలో, యజమాని ఏమన్నాడో ఒక్క ముక్క ఉండదు.

ఇంకోచోట తన తప్పే చెబుతాడు. అంతకుముందొక ప్రయాణంలో క్రిస్‌తో పోతుంటే జోరువానలో ఇంజన్ ఆగిపోతుంది. బండి ఊపి చూస్తే ట్యాంకులో పెట్రోలు చప్పుడైంది. కాబట్టి పెట్రోలుంది, తప్పంతా వానదే అనుకుంటాడు. ప్లగ్గులూ పాయింట్లూ చూసి, కిక్కు కొట్టి కొట్టి అలసిపోతాడు. పిల్లాడి సెలవు పాడైపోయి ఇల్లు చేరతారు. కొన్నాళ్ళకి తెలిసిందేమిటంటే, ఆ చప్పుడు చేసింది రిజర్వు పెట్రోలు. రిజర్వు తిప్పనేలేదు. స్కూటరు నడిపిన మన నాన్నల్లో ఎవరైనా పడుకుని లేచి చెప్పే సంగతి. ఈ కథ అతను చిన్న నవ్వుతో చెప్పి, దీంట్లోంచి జాగ్రత్త గురించి పాఠం తీసుకుని ముందుకి పోతాడు. తరవాత ఉత్సాహాన్ని తినేసే ఉచ్చులంటూ ఒక పెద్ద అధ్యాయమే ఉంది, ఇలాంటి తప్పులకు పేర్లు పెట్టి వరసగా సర్దేస్తాడు. తన తప్పు ఉచ్చు, కూలివాడి తప్పు గుణం. మొదటిసారి చదివినప్పుడు ఈ తేడా నాకు తట్టనేలేదు. కస్టమరు పక్కన కూర్చునే చదివాను కదా.

పోయినేడు సెలవులకి బెంగళూరు నుంచి తిరుపతికి వస్తున్నాం. రెండొందల యాభై కిలోమీటర్లు. వెనక సీట్లో మా ఆవిడ, పాప. బయల్దేరే ముందు వారం బ్రేకు ఆయిలు నేనే మార్చాను. దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి, గొట్టం సీసాలో పెట్టి, మా ఆవిడ పెడల్ తొక్కుతుంటే బుడగలు ఆగిందాకా తీశాను. అంతా పద్ధతిగానే. పోసిన ఆయిలు మాత్రం రెండేళ్ళ కిందట విప్పి, బాల్కనీలో పెట్టి మర్చిపోయిన సీసాలోది. సగం ఉంది కదా, పారెయ్యడమెందుకని.

డాట్ 3 ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సీసా విప్పినప్పుడు అది మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గర. నీళ్ళు మూడు నాలుగు శాతం చేరితే 140కి పడిపోవచ్చు. పలమనేరు దాటాక దిగుడు. మా నాన్న దగ్గర నేర్చుకున్న అలవాటు ఒకటుంది నాకు, పెట్రోలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసెయ్యడం. తిరుమల నుంచి దిగేటప్పుడు ఈ అలవాటు బయటపడదు, నలభై నిమిషాల కంటే ముందు దిగితే చలానా కట్టాలి కాబట్టి బుద్ధిగా రెండో గేరులో వస్తాం. మొగిలిలో టైము చూసేవాళ్ళు లేరు. లారీల వెనక బ్రేకు మీదే కాలుపెట్టి దిగుతున్నాను. సగం దారిలో పెడల్ మెత్తగా అయింది. ఇంకో మలుపుకి కాలు నేలకి తగిలింది. రెండో గేరులో పడేసి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ, కొండ వైపు మట్టిలోకి దింపి ఆపాను. పాప నిద్రలోనే ఉంది.

అరగంటకి పెడల్ మళ్ళీ గట్టిపడింది. ఏమీ జరగనట్టే. అదే ఇంకా భయం వేసింది. ఫస్ట్ గేరులో పాక్కుంటూ బంగారుపాళ్యెం చేరి ఒక షెడ్డు ముందర ఆపాను. అక్కడాయన బానెట్ ఎత్తకముందే అడిగాడు.

"ఆయిలు ఎప్పుడు మార్సినారు సార్?"

"పోయిన వారమే. నేనే మార్చాను."

"కొత్త సీసానా, విప్పిన సీసానా?"

చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "అది నీళ్ళు తాగేసుంటుంది సార్. ఉడికిపొయ్యుంటుంది," అని కుర్రాణ్ణి కొత్త సీసాకి పంపించాడు. ఆ కుర్రాడి ఫోన్‌లో పాటలు మోగుతూనే ఉన్నాయి. పని అయ్యాక, "ఘాట్లో న్యూట్రల్ ఎయ్యొద్దు సార్, పిలకాయలుండారు," అన్నాడు. అంతే. నా డిగ్రీ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

పిర్సిగ్ నోటుబుక్కులో ఆ రెండో ప్రశ్నకు చోటు లేదు. విప్పిన సీసానా అన్న ప్రశ్న పుట్టాలంటే అట్లాంటి పదిమంది ఆ షెడ్డు ముందర ఆగి ఉండాలి. ఒంటరి యజమాని, అతని బండి, అతని పనిముట్లు, అతని ప్రశాంతత, ఇంతే ఉంటాయి అతని లోకంలో. రేణిగుంట రోడ్డు షెడ్లలో ఎలక్ట్రీషియన్ ఒకడు, టింకరింగ్ ఒకడు, పెయింటింగ్ ఒకడు, పంక్చర్ ఒకడు. ఒకడికి తెలియంది పక్కవాణ్ణి కేకేసి అడుగుతాడు. ఈ ఇంగితం ఏ ఒక్క మనిషి తలకాయలోనూ పూర్తిగా ఉండదు. షెడ్డుని దేవాలయం చేసెయ్యాలని నేననడం లేదు. వీల్ నట్లు మర పోయేదాకా బిగించినవాళ్ళనీ చూశాను, ఎలుకలు కొరికిన వైరుకి సెల్లోటేపు చుట్టి ఐదొందలు తీసుకున్నవాళ్ళనీ చూశాను. అట్లాంటివాళ్ళ మీద పిర్సిగ్ కోపం నాకూ ఉంది. నా బాల్కనీ సీసాని కూడా అదే లెక్కలో వెయ్యాలి అంటున్నాను, అంతే. ఆ షాపు కుర్రాళ్ళు విరగ్గొట్టింది ఫిన్నులు. నేను పణంగా పెట్టింది వెనక సీటు.

వెనక సీటు అనగానే క్రిస్ గుర్తొస్తాడు. నిజానికి పుస్తకాన్ని నిలబెట్టేది వాడే. ఇంజన్ చప్పుడులో చిన్న తేడా వినగల తండ్రికి, రోజూ కడుపునొప్పి అనే కొడుకు సంగతి సరిగ్గా వినపడదు. ట్యాపెట్లు సరిచేసే ఓపిక వాడి ఏడుపు దగ్గర ఉండదు. ఇది పిర్సిగ్‌కి తెలుసు. తనని తాను మెకానిక్కుల కంటే తక్కువగా నిలబెట్టుకున్నది ఈ ఒక్క విషయంలోనే. ప్రయాణమంతా పిల్లాడికి కనిపించింది తండ్రి వీపు మాత్రమే. చివర్లో ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడి భుజం మీదుగా ముందుకి చూస్తాడు. వాడికి రోడ్డు కనిపిస్తుంది. రెండోసారి చదివినప్పుడు ఇక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. షాపు కుర్రాళ్ళ మీద రాసిన పేజీలకి నేను పెట్టిన మార్కుల్లో కొన్ని ఇక్కడ తిరిగి ఇచ్చేశాను.

క్రిస్‌ని 1979లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దుండగులు పొడిచి చంపారు. వాడికింకా ఇరవై మూడేళ్ళు నిండలేదు. ఆ సంగతి 1984లో పిర్సిగ్ చేర్చిన వెనకమాటలో ఉంది. అందులో మోటార్ సైకిల్ గురించి దాదాపు ఏమీ ఉండదు. పాత పుస్తకాల షాపుల్లో మొదటి ముద్రణల కాపీలు అప్పుడప్పుడూ తగులుతుంటాయి, వాటిలో ఈ వెనకమాట ఉండదు. కొనేముందు చివరి పేజీలు తిప్పి చూసుకోండి.