వెనక చక్రం పట్టిన చేయి

ఇంజన్ గురించి అందరూ మాట్లాడతారు. ట్యాంకు రంగు గురించి, సైలెన్సర్ గొంతు గురించి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల మెట్ల మీద అర్ధరాత్రి దాకా వాదనలు నడుస్తాయి. నిన్ను తలచేవాళ్లు తక్కువ. సీటు కింద, చైను పక్కన, బురదా గ్రీజూ పూసుకుని, ఫ్రేముకూ వెనక చక్రానికీ నడుమ నిలబడ్డ స్వింగ్ ఆర్మా, ఈ నాలుగు మాటలూ నీకు.

ఒక కొసన ఫ్రేములో ఒకే బోల్టు మీద, అంటే పివట్ మీద, తిరుగుతావు. రెండో కొసన ఇరుసును పట్టుకుంటావు. చక్రం పైకి లేవాలి, కిందికి దిగాలి; ఆ ఒక్క కదలికకు ఒప్పుకుంటావు. పక్కకు జరగమంటే ఒప్పుకోవు. మెలి తిరగమంటే ఒప్పుకోవు. ఫ్రేము ఏ దిక్కు చూస్తే వెనక చక్రమూ ఆ దిక్కే చూడాలని నీ పట్టు. మలుపులో బండి వాలినా, బ్రేకు నొక్కినా, చైను ఒక పక్కనుంచే గుంజుతున్నా ఆ పట్టు సడలనివ్వవు. ఒక్కదానికి అవునని, తక్కిన అన్నిటికీ కాదని చెప్పడమే నీ వ్రతం. కొత్త బండి కట్టుకునేవాడు నిన్ను ఎంచుకోవడమంటే, నీకు ఆ కాదనే బలం ఎంతుందో చూసుకోవడమే.

నువ్వు లేని కాలం కూడా ఉంది. వెనక చక్రాన్ని నేరుగా ఫ్రేముకే బిగించేవారు. దారిలోని ప్రతి రాయీ వెన్నుపూసకు చేరేది, సీటు కింద రెండు స్ప్రింగులే దిక్కు. 1928లో ఇంగ్లండులో విన్సెంట్ కంపెనీ వెనక చక్రానికి ఊగే ఫ్రేము పెట్టింది. 1948లో రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ నమూనా బండ్లు నిన్ను వేసుకుని రాళ్ల దారుల పోటీల్లోకి దిగాయి. వెనక చక్రం ఊగితే నేల మీద పట్టు పోతుందని నమ్మే రోజులవి. పట్టు పోలేదు. ఆ బుల్లెటే తర్వాత మద్రాసు చేరింది, అక్కడినుంచి మన ఊళ్లకు వచ్చింది. మన ఇళ్లలోని చేతక్ స్కూటర్ కథ వేరు. అందులో ఇంజనే నువ్వయ్యావు; ఇంజనూ చక్రమూ కలిసే ఊగేవి. బడికి వెళ్లే పిల్లవాణ్ణి ముందు నిలబెట్టుకుని, వెనక భార్యను కూర్చోబెట్టుకుని మలక్‌పేట నుంచి సరూర్‌నగర్ దాకా నడిపిన నాన్నలకు కింద ఊగుతున్నది ఏమిటో తెలియాల్సిన అవసరమే రాలేదు. అంత నమ్మకంగా పనిచేశావు.

ఇప్పుడు నేను కట్టుకుంటున్న బండి ఆర్‌ఎక్స్ 100. యమహా పేరుతో 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి. వంద సీసీ టూ స్ట్రోక్, 11 గుర్రాల బలం, నూరు కిలోలకు కాస్త పైన బరువు. దీనిది ఏపీ 11 నంబరు, అంటే మన తూర్పు హైదరాబాదు బండే. పాత స్వింగ్ ఆర్మ్ సన్నటి గుండ్రటి గొట్టాలది. చైను బిగించే గాడుల దగ్గర తుప్పు లోపలికంటా తినేసింది. సుత్తితో తడితే గొంతు తేడాగా పలికింది. మార్చక తప్పదు. మార్చాలనుకున్న క్షణం నుంచి చైతన్యపురి, కొత్తపేట, ఎల్‌బీ నగర్ సందుల్లో నీ రూపాలన్నీ నాకు కనబడటం మొదలైంది.

మెట్రో పిల్లర్ల పక్కన నిలిపిన బండ్ల వెనక ఆగి చూశాను. కేటీఎం డ్యూక్‌కు ఉన్నావు: పోతపోసిన అల్యూమినియం, పక్కటెముకలన్నీ బయటకు తెరిచిపెట్టి, దాచుకోవడానికి ఏమీ లేదన్నట్టు. పల్సర్లలో కోలగా ఒత్తిన ఉక్కు గొట్టమై ఉన్నావు. యమహా ఆర్ 15 రెండో తరంలో 2011లో ఉక్కు విడిచి అల్యూమినియం తొడిగావు. ఆ మార్పుతోనే ఆ బండి వీల్ బేస్, అంటే రెండు ఇరుసుల నడుమ దూరం, 1290 నుంచి 1345 మిల్లీమీటర్లకు సాగింది. 55 మిల్లీమీటర్లంటే నాలుగు వేళ్ల వెడల్పైనా లేదు. ఆ కాస్తకే తిన్నని దారిలో ఆ బండికి నిదానం వచ్చింది. నీ పొడుగులో వేలెడు తేడా బండి స్వభావాన్నే మారుస్తుందని మొదట నాకు చెప్పింది ఆ అంకెలే.

ఆర్‌ఎక్స్‌కు ఆర్ 15 ఆర్మ్ వేయించడం ఈమధ్య అందరి కల. వెడల్పాటి టైరు వస్తుంది, ఒకే షాకబ్సర్ వస్తుంది, వెనకనుంచి చూస్తే బండి కొత్త జన్మ ఎత్తినంత అందం. ఆ అందాన్ని నేను కాదనను. నేను పనిచేయించే మెకానిక్ అన్న ముందు ఆ మాటెత్తాను. స్పానర్ కింద పెట్టి అడిగాడు: "తమ్మీ, బండి నడపనీకా, చూపియ్యనీకా?" నడపడానికే అన్నాను. "మరి ఎనక ఎవరు కూసుంటరు?" అన్నాడు. అమ్మ అన్నాను. ఇంక దాని గురించి ఆయన మాట్లాడలేదు. పాత ఫ్రేమును గోడకు ఆనించి, షాకబ్సర్ల పైకొసలు బిగిసే రెండు చోట్లు వేలితో చూపించాడు.

ఆ వేలు చూపించింది ఇదీ. ఆర్‌ఎక్స్ ఫ్రేమును గీసినవాళ్లు వెనక బరువు రెండు పక్కల నుంచి, సీటు కింది గొట్టాల మీదకు వస్తుందని లెక్కగట్టారు. షాకబ్సర్లు ఇరుసుకు దగ్గరగా నిలబడతాయి కాబట్టి చక్రం మీది బరువూ వాటి మీది బరువూ ఇంచుమించు సమానం. ఒకే షాకబ్సర్ ఉండే మోనోషాక్ అలా కాదు. పివట్‌కు దగ్గరగా కూర్చుంటుంది. చక్రం మూడు అంగుళాలు లేస్తే అది ఒక్క అంగుళమే నొక్కుకునే చోట, దాని మీద మూడింతల బలం పడుతుంది. ఆ మూడింతలూ ఫ్రేములో ఒకేచోట గుద్దుతాయి. అక్కడ మోయడానికి గొట్టమే లేదు. కోసి, కొత్త గొట్టం అడ్డంగా వేసి వెల్డింగ్ చేయాలి. బెల్జియం ఇంజనీరు లూసియెన్ టిల్కెన్స్ ఆలోచనను 1970ల మొదట్లో యమహా అందుకుని మోనోషాక్‌ను రేసు బండ్లకు తెచ్చినప్పుడు ఫ్రేమునే దానికి తగ్గట్టు కట్టింది. ఒకరి చేతిని ఇంకొకరి భుజానికి కుడితే ఆ భుజం ఏమనుకుంటుందో ముందు అడగాలి.

చట్టం కూడా ఇక్కడే అడ్డం నిలబడుతుంది. రిజిస్ట్రేషన్ వివరాల్లో వీల్ బేస్‌కు ఒక గడి ఉంది, మిల్లీమీటర్లలో. తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడే వీలు వచ్చింది. 15 ఏళ్లు దాటిన ఈ బండిని ఐదేళ్లకోసారి మళ్లీ అధికారి ముందు నిలబెట్టాలి. దాన్ని తలెత్తుకుని నిలబెట్టాలనే నా కోరిక. అందుకే మొదటి మాట తేల్చుకున్నాను: పివట్ నుంచి ఇరుసు దాకా దూరం, పాతదానికి ఎంతో కొత్తదానికీ అంతే.

పొడుగు పెంచితే ఏమవుతుందో తెలుసుకున్నాక ఆ మాట మీద ఇంకా ప్రేమ పెరిగింది. ఆర్మ్ పొడుగై, షాకబ్సర్ కాలు మోపే చోటు అక్కడే ఉంటే చక్రానికి మీటలా తోసే బలం పెరుగుతుంది. నిన్నటిదాకా చాలిన స్ప్రింగే మెత్తబడినట్టు కుంగుతుంది. వెనక ఇంకో మనిషి ఎక్కితే అడుగంటుతుంది. వెనక భాగం దిగిపోతే ముందు ఫోర్కు మరింత వాలి, హ్యాండిల్ బరువెక్కుతుంది. విజయవాడ హైవేలో నేరుగా పోయేవాడికి అది హాయిగా ఉండొచ్చు. కొత్తపేటలో ఆటోకూ సిటీ బస్సుకూ నడుమ దూరాల్సిన ఆర్‌ఎక్స్‌కు అది శిక్ష.

ఇక దేనితో చేసిన నిన్ను తెచ్చుకోవాలి? అల్యూమినియం, అదే పరిమాణంలో, ఉక్కులో మూడో వంతు బరువే. స్ప్రింగుకు కింద వేలాడే బరువు ఎంత తగ్గితే చక్రం నేలను అంత బాగా అంటిపెట్టుకుంటుంది, నిజమే. కానీ దాని బిగువు కూడా ఉక్కులో మూడో వంతే. అందుకే దాన్ని లావుగా, పెద్ద పెట్టెగా చేస్తారు. చీలిక పడితే ఆర్గాన్ వెల్డింగ్ కావాలి. అతికిన చోటి పక్కన లోహం మెత్తబడుతుంది, తిరిగి వేడిచేసి గట్టిపరిచే కొలిమి మన సందుల్లో ఉండదు. ఉక్కు అలా కాదు. చీలిక రాబోతుంటే రంగు పగిలి, ఆ పగులులో తుప్పు గీతగా కనబడి ముందే చెబుతుంది. దాన్ని అతికే చేతులు ప్రతి గల్లీలో ఉన్నాయి. నా బండికి ఉక్కే. చతురస్రపు గొట్టంతో చేసిన నువ్వే, రెండు చేతుల నడుమ పివట్‌కు దగ్గరగా గట్టి అడ్డుపట్టీ ఉన్న నువ్వే.

అలాంటి నిన్ను తెచ్చి లేత్ షాపులో బల్ల మీద పడుకోబెట్టిన మధ్యాహ్నం నాకు పండుగ. కొత్తది కదా అని ఎవరూ నమ్మలేదు, నమ్మకూడదు. పివట్ రంధ్రంలో ఒక తిన్నని రాడ్ దూర్చారు, ఇరుసు గాడుల్లో ఇంకొకటి. రెండు కొసల మధ్య దూరం ఎడమపక్క కొలిచి, కుడిపక్క కొలిచారు. తర్వాత లేత్ పెద్దాయన ఒక కన్ను మూసి వెనకనుంచి చూశాడు, ఒక రాడ్ వెనక ఇంకొకటి దాక్కుంటుందా లేదా అని. దాక్కుంది. మెలి లేదు. వెల్డింగ్ గీత వెంట గోరు పెట్టి నడిపాడు. పక్కన గాడి తవ్వుకుపోయి ఉందేమో, మధ్యలో గీత తెగి మళ్లీ మొదలైందేమో చూశాడు. చివరికి డ్రమ్ బ్రేకు ప్లేటును పట్టి ఉంచే రాడ్‌కు చెవి ఉందా అని అడిగాడు. ఉంది. ఆ చెవి లేని ఆర్మ్‌లు కూడా అమ్ముడవుతాయి, డిస్క్ బ్రేకు బండ్ల కోసం. అది చూసుకోకుండా వేసుకుంటే బ్రేకు నొక్కిన మొదటిసారే ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోతుంది. ఇన్ని అందాల మధ్య ఆ చిన్న చెవే అన్నిటికన్నా ముందు వెతకాల్సింది.

బుష్‌లు కంచువి తిప్పించాం, పివట్ గొట్టం మీద చేత్తో తోస్తే జారేంత కొలతకు, ఊగులాట లేకుండా. టైరు దగ్గర ఆశకు హద్దు పెట్టాను. ఆర్‌ఎక్స్ వెనక టైరు 2.75-18. మరీ లావుది వేస్తే చైను దాని పక్క గోడను గీరుతుంది. చైనును తప్పించడానికి స్ప్రాకెట్‌ను బయటికి జరిపితే గేర్‌బాక్స్ స్ప్రాకెట్‌తో వరస తప్పుతుంది. రెండు పళ్ల చక్రాలూ ఒకే గీత మీద నిలవాలి. సన్నని టైరు ఆర్‌ఎక్స్‌కు లోటు కాదు, దాని చురుకంతా అక్కడే ఉంది.

చైను బిగించిన తీరు చెప్పకుండా ఉండలేను. గేర్‌బాక్స్ స్ప్రాకెట్, నీ పివట్, ఇరుసు. ఈ మూడు కేంద్రాలూ ఒకే గీత మీదకు వచ్చినప్పుడు చైను అన్నిటికన్నా బిగుసుకుంటుంది. కొత్త ఆర్మ్ వేసిన రోజు షాకబ్సర్ల కింది బోల్టులు విప్పి, చక్రాన్ని చేతులతో ఎత్తి ఆ గీతకు తేవాలి, అక్కడ కూడా చైనుకు కాస్త వదులు మిగిలిందని చూడాలి. అలా చూడకుండా ఖాళీ బండి మీద బిగించి వదిలితే, మనిషి ఎక్కి గుంత తగిలినప్పుడు చైను గేర్‌బాక్స్ బేరింగును గుంజేస్తుంది. మెకానిక్ అన్న చక్రం ఎత్తి పట్టుకున్నాడు, నేను చైను కింద వేలు పెట్టి పైకి నెట్టాను. లేచింది. "సరిపోయింది" అన్నాడు.

చాలా పాత బండ్లలో వెనక కూర్చున్నవాళ్ల పాదాలు ఆనే కడ్డీలు నీకే బిగించి ఉండేవి. చక్రం ఎగిరినప్పుడల్లా వాళ్ల పాదాలూ ఎగిరేవి. ఇప్పటి చాలా బండ్లలో అవి ఫ్రేముకు చేరాయి, మంచిదే. అయినా వెనక కూర్చున్న మనిషి బరువు ఇంచుమించు ఇరుసు పైనే పడుతుంది. నడిపేవాడి చేతుల్లో హ్యాండిల్ ఉంది, కాళ్ల కింద బ్రేకు ఉంది. వెనక కూర్చున్న అమ్మకు నువ్వే ఉన్నావు. సరూర్‌నగర్ చెరువు పక్కన వానకు తారు లేచిపోయిన చోట, కర్మన్‌ఘాట్ మలుపులో రంగు కూడా వేయని స్పీడ్ బ్రేకర్ మీద, వనస్థలిపురం దాటి హయత్‌నగర్ వైపు లారీలు ఒరుసుకుపోయేటప్పుడు ఆమె నడుమునూ నా ధైర్యాన్నీ నువ్వే మోయాలి.

పివట్ బోల్టు చివర పడే నట్టు కొత్తది తెచ్చాను, పాతది మళ్లీ వాడలేదు. వెయ్యి కిలోమీటర్లకు బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టి పక్కలకు తోసి చూస్తాను. టిక్కుమన్న చప్పుడు వస్తే బుష్‌లు విప్పిస్తాను. రాకపోతే గ్రీజు కొట్టి, ఆదివారం అమ్మను ఎక్కించుకుని సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం దాకా తీసుకెళ్తాను.