నవలా పఠనంలో ఆచార పదాల అర్థనిర్ణయం: పశ్చిమ కర్నూలు ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నవలలో ఎదురయ్యే మత, ఆచార పదాలకు నిఘంటువు ఇచ్చే సమానార్థకం పఠనాన్ని ముందుకు నడిపిస్తుంది. కాని ఆ పదం వెనుక ఉన్న మనుషుల సంబంధాలను అది తరచుగా చూపలేదు. కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతంలో వాడుకలో ఉన్న కొన్ని పదాల ఆధారంగా ఈ పరిమితిని ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: నవల, నిఘంటువు, ఆచార పదజాలం, బృందావనం, బన్ని, బసివి.

1. ఉపోద్ఘాతం

నవల చదువుతుండగా తెలియని ఆచార పదం తగిలితే పాఠకుడు నిఘంటువు తెరుస్తాడు, లేదా ఫోనులో వెతుకుతాడు. ఒక సమానార్థకం దొరకగానే చదువు ముందుకు సాగుతుంది. పరిశోధక విద్యార్థి విషయంలో ఇది అంతటితో ఆగదు. అతడు రాసుకున్న సమానార్థకం పాదసూచికగా సిద్ధాంత గ్రంథంలో చేరుతుంది, తరువాతివారికి ఆధారమవుతుంది. అందువల్ల అర్థాన్ని ఎక్కడ వెతికారన్నది విమర్శకు సంబంధించిన ప్రశ్నే.

ఈ ప్రశ్నకు పశ్చిమ కర్నూలు తగిన క్షేత్రం. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు బళ్ళారి జిల్లాలో భాగాలు. తెలుగు, కన్నడ, ఉర్దూ మాటలు ఇక్కడి కొలువుల్లో, జాతరల్లో కలిసి వినిపిస్తాయి. ఒక భాష నిఘంటువుతో ఇక్కడి ఆచార పదాలన్నీ తేలవు.

2. నిఘంటువుతో మొదలైన నవల

యు.ఆర్.అనంతమూర్తి కన్నడ నవల 'సంస్కార' 1965లో వెలువడింది. తెలుగు కవి తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 1970లో దీనిని చలనచిత్రంగా తీశారు. ఎ.కె.రామానుజన్ ఆంగ్లానువాదం 1976లో వచ్చింది. ఆ అనువాదం 1894 నాటి కిట్టెల్ కన్నడ నిఘంటువులో 'సంస్కార' పదానికి ఉన్న అర్థాల పట్టికతో మొదలవుతుంది. శుద్ధి చేయడం, తీర్చిదిద్దడం మొదలుకొని అంత్యక్రియల దాకా ఆ అర్థాలు విస్తరించాయి.

కథలోనూ ఇదే వెతుకులాట ఉంది. మాధ్వ అగ్రహారమైన దూర్వాసపురంలో ఆచారభ్రష్టుడైన నారణప్ప మరణిస్తాడు. అతడికి అంత్యసంస్కారం ఎవరు చేయాలో చెప్పమని అందరూ పండితుడైన ప్రాణేశాచార్యులను ఆశ్రయిస్తారు. ఆయన తాళపత్రాలు తిరగేస్తాడు, సమాధానం దొరకదు. మారుతి గుడిలో నిరీక్షించినా సమాధానం రాదు. తెలియని పదం కోసం పాఠకుడు పుస్తకం తిప్పుతున్నప్పుడు పాత్ర కూడా పుస్తకం తిప్పుతూనే ఉంటుంది. పదానికి ఎన్ని అర్థాలున్నాయో పట్టిక చెప్పగలదు. ఈ శవం విషయంలో ఏ అర్థం చెల్లుతుందో, దాని బాధ్యత ఎవరిదో చెప్పలేదు. ఆ నిర్ణయం నవల జరిగే కొద్దీ పాత్రల నడవడిలో తేలవలసిందే.

3. సరిహద్దు పదాలు

మాధ్వ సంప్రదాయ పదాలు ఆదోని పరిసరాల పాఠకులకు కొత్త కావు. 'బృందావనం' అనగానే నిఘంటువు కృష్ణుడు విహరించిన వనాన్నో, తులసికోటనో చూపుతుంది. మంత్రాలయంలో అదే పదం యతి సమాధిపై నిర్మించిన కట్టడం. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేశారన్న వాక్యాన్ని వనం అనే అర్థంతో చదివితే పొసగదు. 'ఆరాధన' కూడా అక్కడ కేవలం పూజ కాదు. పూర్వ, మధ్య, ఉత్తరారాధనలుగా శ్రావణ బహుళంలో జరిగే యతి పుణ్యతిథి.

హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే 'బన్ని' మరొక ఉదాహరణ. కన్నడంలో బన్ని అంటే జమ్మి. పత్రికలు వాడే 'కర్రల సమరం' అన్న పేరు చూసేవారి కంటికి కనిపించిన దృశ్యాన్ని చెబుతుంది. 'బన్ని' అన్న పేరు దసరా నాటి జమ్మి ఆచారంతో ఉన్న సంబంధాన్ని చెబుతుంది. అలాగే 'పీరు' అన్న ఫారసీ పదానికి పెద్ద, గురువు అని అర్థం. పీర్ల పండుగలో ఊరివాళ్ళు ఎత్తుకొనే పీరు మాత్రం లోహపు ప్రతిమ. నవలలో ఒక పాత్ర 'పీరు ఎత్తుకున్నాడు' అంటే మొదటి అర్థం ఏమాత్రం సహాయపడదు.

4. బసివి: సమానార్థకం వల్ల కలిగే నష్టం

పై పదాల్లో పొరపాటు జరిగితే వాక్యం చెడుతుంది. 'బసివి' విషయంలో మనిషి చెడ్డపేరు మోస్తుంది. 1909 నాటి ఎడ్గార్ థర్స్టన్ సంపుటాల్లో ఈ ఆచార వివరణ 'దేవదాసి' పద్దు కింద ఉంది. తరువాతి పాదసూచికలు 'దేవదాసి' అనో, మరింత తేలికగా 'వేశ్య' అనో రాసి ఊరుకొంటే పదం వెనుక ఉన్న కుటుంబం కనుమరుగవుతుంది. బళ్ళారి, ఆదోని ప్రాంత ఆచారంలో బసివిగా విడిచిన కూతురు పెళ్ళి లేకుండా పుట్టింట ఉండేది. కొడుకులాగా ఆస్తిలో భాగం పొందేది, తల్లిదండ్రులకు కర్మ చేసేది. ఆమె పిల్లలు తాత ఇంటి వారసులయ్యేవారు.

ఈ హక్కులను చూసి ఆచారాన్ని కీర్తించడమూ సరికాదు. కొడుకులేని ఇంటి అవసరం కోసం ఒక బాలిక జీవితాన్ని ఆమె ప్రమేయం లేకుండా నిర్ణయించిన వ్యవస్థ అది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం బసివి, జోగిని, మాతమ్మ వంటి పేర్లన్నిటినీ ఒకే నిర్వచనంలో చేర్చింది. పేరు మార్చి తప్పించుకొనే వీలు లేకుండా చేయడానికి చట్టానికి ఆ కలయిక అవసరం. విమర్శకు మాత్రం ఆ పేర్ల మధ్య తేడాలే అవసరం. బండి నారాయణస్వామి 'శప్తభూమి'లాగా 18వ శతాబ్ది అనంతపురం ప్రాంతాన్ని చిత్రించే నవల చదివేటప్పుడు, ఆచార పదానికి ఆ కాలపు అర్థం ఒకటి, నేటి చట్టపు అర్థం మరొకటి అని గుర్తుంచుకోవాలి.

5. ముగింపు

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లోను, చేనేత సంపుటం 1971లోను వెలువడ్డాయి. మగ్గం మాటలను పని జరిగే చోటనుంచే సేకరించిన ఆ పద్ధతి ఆచార పదాలకూ అవసరం. పరిశోధకుడు పాదసూచిక రాసే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి: ఈ మాటను ఎవరు ఎవరి గురించి అంటున్నారు, అది ఏ సందర్భంలో, ఏ కాలంలో చెల్లుతుంది, నవలలో దాని వల్ల ఎవరికి ఏ హక్కు వస్తుంది లేదా పోతుంది. నిఘంటువు మొదటి మెట్టుగా ఉండాలి. ఆపై నవలలో ఆ పదం వచ్చిన ప్రతి చోటును, ఆ ఆచారాన్ని ఎరిగినవారి మాటను కలిపి చూసినప్పుడే పాదసూచిక నమ్మదగినదవుతుంది.