మూడు ముక్కలూ ఒక కొవ్వొత్తీ

మా బందరు, గుడివాడ వైపు పేకాట గురించి కదిపితే ఎవరూ ముక్కల సంగతి ఎత్తరు. ఫలానావాళ్లకి ఎన్నెకరాలు పోయాయో చెబుతారు, పక్కన ఎవరెవరు కూర్చునేవాళ్లో చెబుతారు. దివిసీమలోనూ అంతే. ఫ్రాన్సులోని నాన్సీ పట్టణపు చిత్రకారుడు ఝాక్ కలో కూడా పేకాటను ఆ చూపుతోనే చూశాడు.

1620ల చివర రాగిరేకు మీద ఆయన చేసిన ఓ బొమ్మ పేరు ‘ల బ్రెలాన్’. రాత్రివేళ, కొవ్వొత్తి వెలుగు, ఓ కలవారి కుర్రాడు, అతని చుట్టూ చేరి ముంచుతున్న ముఠా. బ్రెలాన్ మన మూడుముక్కలాటకి చుట్టంలాంటిది: మనిషికి మూడే ముక్కలు, మూడూ ఒకే రకం పడితే పంట పండినట్టే.

నన్ను పట్టేసింది ఆ చీకటి. రాగిరేకు మీద బొమ్మ చేసే ఈ పనిలో సూది రాగిని కోయదు. రేకు మీద పూసిన పూతను గీకుతుందంతే, కొరికే పని ఆమ్లానిది. అంతకుముందు వాడే మెత్తటి పూత పెచ్చులూడి ఆమ్లం కారేది. కలో వీణలాంటి ‘ల్యూట్’ వాద్యాలు చేసేవాళ్ల గట్టి వార్నిష్ తెచ్చుకున్నాడు. దాంతో కొన్ని గీతలు మూసేసి, మిగతావాటిని మళ్లీ ఆమ్లంలో ముంచి, నలుపు మీద నలుపు ఎక్కించగలిగాడు. మరి కొవ్వొత్తి మంటో? అక్కడ ఏమీ గీయలేదు. అది ఉత్త కాగితం.

ఇది చదివినప్పుడు పెడన కలంకారీ షెడ్లే గుర్తొచ్చాయి. కరక్కాయా గేదెపాలూ పట్టిన గుడ్డ మీద పటిక అద్దిన టేకు అచ్చు వేస్తే ఎరుపు కనబడదు. కాలవలో జాడించి, రంగు కాగులో ఉడికించాకే పైకొస్తుంది. ఒకప్పుడు ఆ ఎరుపు మన తీరపు ఇసకనేలల చిరివేరుది. అచ్చు చెక్కడమూ, రేకు గీయడమూ తిరగేసే చెయ్యాలి. లేకపోతే పేకముక్కలు పట్టినవాళ్లంతా అచ్చులో ఎడంచేతివాటం వాళ్లయిపోతారు! ఫ్రెంచివాళ్లు 1669లో బందరులో కోఠీ పెట్టింది ఈ గుడ్డ కోసమే. ఊళ్లో ఫ్రెంచిపేట ఇప్పటికీ ఉంది.

పేకాట విషయంలో మన కోర్టులు మాత్రం ఆటనే చూశాయి, మనుషుల్ని కాదు. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు, పదమూడు ముక్కల రమ్మీకి జ్ఞాపకశక్తి కావాలి కనక అది నేర్పుతో కూడిన ఆట అంది. మూడుముక్కలాట కేవలం అదృష్టం అంది. సంక్రాంతి శిబిరాల్లో కూర్చునేవాళ్లకి ఈ తేడా నోటికొచ్చు. కలో బొమ్మలో కుర్రాణ్ణి ముంచింది అదృష్టమూ కాదు, నేర్పు చాలకపోవడమూ కాదు. మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కున్నారు. అయినా అతనికి ఎదుటివాళ్ల మొహాలన్నా కనిపించాయి. ఫోన్లో రమ్మీ ఆడే మన కుర్రాళ్లకి ఆ పాటి వెలుగు కూడా లేదు.

ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పా, అదృష్టమా అన్న లెక్కే వదిలేసి, డబ్బు కాసే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టింది.