డాలు మీద లేని పేర్లు

డోటా 2 అనే వీడియోగేమ్‌కి ఏడాదికోసారి ‘ది ఇంటర్నేషనల్’ అనే టోర్నమెంట్ జరుగుతుంది. గెలిచిన జట్టులోని అయిదుగురి పేర్లూ ‘ఏజిస్’ అనే డాలు మీద చెక్కుతారు. 2011లో నావీ, 2012లో ఇన్విక్టస్ గేమింగ్, 2013లో అలయన్స్, 2014లో న్యూబీ, 2015లో ఈవిల్ జీనియసెస్, 2016లో వింగ్స్ గేమింగ్, 2017లో టీమ్ లిక్విడ్, 2018లోనూ 2019లోనూ ఓజీ. 2020లో కోవిడ్ వల్ల జరగలేదు. ఆ తర్వాత టీమ్ స్పిరిట్ (2021), టండ్రా (2022), మళ్ళీ స్పిరిట్ (2023), మళ్ళీ లిక్విడ్ (2024), ఫాల్కన్స్ (2025). ఎంసెట్ కోసం బట్టీ పట్టిన కెమిస్ట్రీ అంతా ఎటో పోయింది గానీ ఈ పట్టిక మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఇన్నాళ్ళూ దీన్ని చరిత్ర అనుకుంటూ వచ్చాను. ఈమధ్య ఈ టోర్నమెంట్ మీద వచ్చిన రెండు డాక్యుమెంటరీలు మళ్ళీ చూశాక, ఇది తిరుపతిలో ఫలితాల రోజున రోడ్డు పొడుగూతా కట్టే ర్యాంకుల ఫ్లెక్సీ లాంటిదనిపించింది. ఫ్లెక్సీలో అబద్ధం ఉండనక్కర్లేదు. ఆ పిల్లలకి ఆ ర్యాంకులు నిజంగానే వచ్చి ఉంటాయి. అదే క్లాసులో కూర్చున్న మిగతావాళ్ళు ఏమయ్యారన్నది మాత్రం దానికి పట్టదు.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. వందకి పైగా ఉన్న హీరోల్లోంచి తలా ఒకర్ని ఎంచుకుంటారు. అవతలివాళ్ళ స్థావరంలో ‘ఏన్షెంట్’ అనే కట్టడాన్ని కూలగొడితే గెలిచినట్టు. అయిదుగురూ ఒకే పని చెయ్యరు. ‘క్యారీ’ ఆడేవాడు మొదట్లో బలహీనంగా ఉంటాడు, బంగారం పోగేసుకుంటూ పోయి చివర్లో జట్టుని మోస్తాడు. అందాకా వాణ్ణి బతికించే పని ‘సపోర్ట్’ది. వార్డులు తీసుకుని, శత్రువు ఎటునించి వస్తున్నాడో కనబడేలా అక్కడక్కడా పాతి, అవసరమైతే క్యారీకి అడ్డంపడి తను చస్తాడు.

2007-11 మధ్య చంద్రగిరి దగ్గర ఇంజనీరింగ్ చదివేటప్పుడు మేం ఆడింది దీనికి ముందుతరం ఆట, వార్‌క్రాఫ్ట్ 3 మీద కట్టిన పాత డోటా. హాస్టల్లో ల్యాన్ తీసేస్తే తిరుపతిలో ఒక నెట్ సెంటర్‌కి పోయేవాళ్ళం. నేను క్యారీ. నా రూమ్మేట్, మేమంతా మదనపల్లోడు అని పిలిచేవాడు, సపోర్ట్. వాడి సంగతి మళ్ళీ చెప్తాను.

మొదటి సినిమా ‘ఫ్రీ టు ప్లే’, 2014లో వచ్చింది. తీసింది వాల్వ్, అంటే ఆటని అమ్ముకునే కంపెనీయే. 2011 ఆగస్టులో జర్మనీలోని కొలోన్‌లో జరిగిన మొదటి ఇంటర్నేషనల్ దాని కథ. గెలిచినవాళ్ళకి పది లక్షల డాలర్లు. అప్పటికి ఈస్పోర్ట్స్‌లో ఎవరూ ఊహించని డబ్బు. సినిమా ముగ్గురి వెంట నడుస్తుంది: తండ్రిని క్యాన్సర్‌కి పోగొట్టుకున్న ఉక్రెయిన్ కుర్రాడు డెండీ, చదువు వదిలేసి ఈ ఆటేంటని ఇంట్లో అడిగించుకునే సింగపూర్ హైహై, అమెరికాలో ఒరెగాన్ నించి వచ్చిన ఫియర్. డెండీ ఉన్న నావీ గెలుస్తుంది.

మొదటిసారి చూసినప్పుడు నేను బెంగళూరులో పీజీ రూములో ఉన్నాను. కళ్ళు తుడుచుకున్న మాట నిజం. మాలాంటివాళ్ళ గురించి ఎవరో సినిమా తీశారన్న సంబరం అది. పండక్కి ఊరికెళ్ళినప్పుడు అమ్మకి చూపించాను. మాటలు అర్థం కాకపోయినా చివరిదాకా కూర్చుంది. అయిపోయాక ఒకటే అడిగింది: “ఆ దుడ్లు నిజంగానే ఆ పిల్లోళ్ళకి ఇచ్చినారా?”

అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సినిమా గురించి నేను చదివిన ఏ రివ్యూ కూడా అంత సూటిగా లేదు. ‘ఫ్రీ టు ప్లే’ పైకి ఆట మీద ప్రేమ గురించి మాట్లాడుతుంది గానీ, లోపల అది ఒక కేసు నడుపుతుంది. ఇంటివాళ్ళు ఫిర్యాదీలు, పిల్లాడు ముద్దాయి, పది లక్షల డాలర్లు జడ్జి. గెలిచినవాడు నిర్దోషి అయిపోతాడు. అంటే ఇంటివాళ్ళ లెక్కని సినిమా ఎక్కడా ప్రశ్నించదు, ఆ లెక్కలోనే ఆట కూడా పాసవుతుందని చూపిస్తుంది. మా ప్రాంతంవాడే అయిన నామిని ‘చదువులా? చావులా?’ అని పుస్తకమే రాశాడు. ఆ ప్రశ్న మధ్యలో పెరిగిన తరానికి ‘ఫ్రీ టు ప్లే’ చూపించిన విముక్తి ఇంకో రకం ర్యాంకు, అంతే.

ఫియర్ సంగతి చూడండి. సినిమా వచ్చేనాటికి అతనిది ఓటమి కథ. 2015 ఆగస్టులో ఈవిల్ జీనియసెస్ గెలిచింది. కరాచీలో పుట్టిన పదహారేళ్ళ సుమైల్‌తో పాటు ఆ జట్టులో ఫియర్ కూడా ఉన్నాడు. సినిమాలో ఒక్క ఫ్రేమ్ మారలేదు. కానీ ఇవాళ చూసేవాడికి ఫియర్ పడ్డ కష్టమంతా ‘పట్టుదల’లా కనిపిస్తుంది. గెలవకపోయి ఉంటే అదే కష్టాన్ని ‘మొండితనం’ అనేవాళ్ళం. అతని జీవితానికి అర్థం ఇచ్చింది సినిమా కాదు, తర్వాత వచ్చిన స్కోరు. డాక్యుమెంటరీగా నాకు ఇది పెద్ద లోపం.

రెండో సినిమా ‘ట్రూ సైట్’ సిరీస్‌లో 2018 ఫైనల్ మీద వచ్చిన భాగం. ఇదీ వాల్వ్ తీసిందే, 2019 జనవరిలో విడుదలైంది. వాంకూవర్‌లో ఓజీకి, చైనా జట్టు పీఎస్‌జీ ఎల్‌జీడీకి మధ్య మ్యాచ్. ఓజీది సినిమాకి సరిపోయే కథే. ఆ వేసవికి ముందు ఇద్దరు ఆటగాళ్ళు జట్టు వదిలి ఈవిల్ జీనియసెస్‌కి వెళ్ళిపోయారు. కోచ్‌గా ఉన్న సెబ్ తనే ఆడటానికి దిగాడు. పెద్ద వేదిక అనుభవం లేని టాప్సన్ అనే ఫిన్లాండ్ కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. ఓపెన్ క్వాలిఫయర్స్ నించి పైకొచ్చి ఫైనల్లో 3-2తో గెలిచారు.

కానీ ఈ సినిమా బలం ఆ కథలో లేదు. కెమెరా రెండు జట్ల గదుల్లోనూ ఉంది, మైకులు రెండు వైపులా ఉన్నాయి. ఎవరు గెలుస్తారో తెలియకముందే పట్టుకున్న మాటలవి. మామూలుగా మ్యాచ్ చూస్తే మనకి క్యారీ కొట్టిన దెబ్బలే కనిపిస్తాయి. ఇక్కడ మాటలు వినిపిస్తాయి కాబట్టి సపోర్ట్ ఆడేవాడి ఆట మొదటిసారి తెలుస్తుంది: ఎటు పోవాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో, ఎవరు చచ్చినా పర్లేదో. మూడు గేములయ్యేసరికి ఎల్‌జీడీ 2-1తో ముందుంది. ఆ క్షణంలో వాళ్ళ గది గెలుస్తున్నవాళ్ళ గదే. ‘ఫ్రీ టు ప్లే’కి సాధ్యం కానిది ఇదే, ఓడబోయేవాళ్ళని ఓడినవాళ్ళుగా కాకుండా ఆటగాళ్ళుగా చూడటం.

అయినా చివరి ఏన్షెంట్ కూలాక ఇది కూడా ఓజీ సినిమా అయిపోతుంది. ఎల్‌జీడీ క్యారీ పేరు అమే, అసలు పేరు వాంగ్ చున్‌యు. 2021లో అమే మళ్ళీ ఫైనల్‌కి వచ్చాడు. బుకారెస్ట్‌లో, ప్రేక్షకులు లేని హాల్లో. మొత్తం ప్రైజ్ మనీ నాలుగు కోట్ల డాలర్లు దాటిన సంవత్సరం అది. టీమ్ స్పిరిట్ చేతిలో 2-3తో ఓడాడు. అతని పక్కన కూర్చున్నవాళ్ళలో ఫెయిత్‌బియాన్, వై అనే ఇద్దరు 2016లో గెలిచిన వింగ్స్ ఆటగాళ్ళు. వాళ్ళ పేర్లు అప్పటికే డాలు మీద ఉన్నాయి. ఆ వింగ్స్ జట్టు మాత్రం గెలిచి ఏడాది తిరక్కుండానే చెదిరిపోయింది, మరుసటి ఏడాది టైటిల్ నిలబెట్టుకోవడానికి జట్టే లేదు. ఇది కూడా పట్టిక చెప్పదు. ‘2016 - వింగ్స్’ అని రాసి ఊరుకుంటుంది.

2025 సెప్టెంబర్ 14న హాంబర్గ్‌లో అమే మూడోసారి ఫైనల్ ఆడాడు, ఈసారి ఎక్స్‌ట్రీమ్ గేమింగ్ తరఫున. మళ్ళీ అయిదో గేమ్. మళ్ళీ 2-3. ఆటలో రోషాన్ అనే రాక్షసుణ్ణి చంపితే దొరికే వస్తువు పేరు కూడా ఏజిస్సే. అది దగ్గరున్న హీరో చచ్చిపోతే ఒకసారి మళ్ళీ లేస్తాడు. బయట అలాంటిది ఏమీ లేకుండానే ఇతను ఏడేళ్ళలో మూడుసార్లు లేచి వచ్చాడు.

మా చంద్రగిరి మండలంలో, ఎ. రంగంపేటలో సంక్రాంతి రోజుల్లో పశువుల పండగ చేస్తారు. ఎద్దుల కొమ్ములకి చెక్క పలకలు కట్టి వదుల్తారు. కుర్రాళ్ళు వెంటపడి ఆ పలక లాక్కోవాలి. పలక దక్కినవాడు ఆ పొద్దుకి హీరో. కానీ పదేళ్ళ కింద ఎవరు లాక్కున్నారని అడిగితే ఊళ్ళో చెప్పేది పలకల లెక్క కాదు. ఫలానా ఎద్దుకి ఎదురు నిలబడ్డాడు, ఫలానావాడు పక్కవాణ్ణి కింద పడకుండా పట్టుకున్నాడు, ఇట్లా ఉంటాయి కబుర్లు. చెక్కిన పేర్లు లేవు కాబట్టి చూసినవాళ్ళ మాటే మిగులుతుంది. ఈ సినిమాల్లో నేను వెతుకుతున్నది ఆ మాట.

ఇక మదనపల్లోడి సంగతి. థర్డ్ ఇయర్‌లో వాళ్ళ నాన్న చెప్పకుండా హాస్టల్‌కి వచ్చి, “మావాడేడప్పా?” అని నన్నడిగాడు. నెట్ సెంటర్ అడ్రస్ చెప్పాను. ముందురోజు రాత్రి ఆ పక్క సిస్టమ్ మీద నేనే ఉన్నానన్న సంగతి చెప్పలేదు. నాకు ప్లేస్‌మెంట్ వచ్చింది. వాడు బ్యాక్‌లాగ్‌లు వదిలేసి ఊరికెళ్ళి, టమాటా మార్కెట్లో నాన్న మండీ చూసుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా చిన్నాన్న పిల్లలకి వాడి కథ చెప్తూ వచ్చాను, ఆటలో పడి పాడైపోయినోడని. అందులో నేను ఉండను. వాడు కొన్న వార్డుల వెలుగులో బంగారం పోగేసుకుని గెలిచిన క్యారీ ఆ కథలో ఎక్కడా కనపడడు. ‘ఫ్రీ టు ప్లే’ని విమర్శించే ముందు ఒప్పుకోవాల్సింది ఇదీ: అదే సినిమాని నేను డబ్బులు తీసుకోకుండా ఇంటింటా ఆడించాను.

హాంబర్గ్ ఫైనల్ అయిన రాత్రి వాడికి ఫోన్ చేశాను. మార్కెట్లో లోడింగ్ జరుగుతోంది, లారీ శబ్దం వినిపిస్తోంది. వాడూ ఫోన్‌లో చూస్తానే ఉన్నాడట.

“పాపంరా అమే, మళ్ళీ ఓడిపోయినాడు” అన్నాను.

“మూడు తూర్లు అయిదో గేమ్ దాకా పోయినోడికి పాపమేందిరా?” అన్నాడు. కాసేపాగి, “ఎక్స్‌నోవాని చూసినావా? 2018లో గూడా వాడే గదా అమేకి సపోర్టు. షింక్యూ 2021లో ఉండాడు, ఇప్పుడూ ఉండాడు. వాళ్ళ పేరు ఒక్కరూ ఎత్తరు” అన్నాడు.

నిజమే. ఈ వ్యాసం కోసం రాసి పెట్టుకున్న నోట్సు తీసి చూసుకున్నాను. అమే పేరు పద్నాలుగు చోట్ల ఉంది. ఎక్స్‌నోవా లేడు, షింక్యూ లేడు. డాలు మీద లేని పేర్ల గురించి రాద్దామని కూర్చుని కూడా నేను రాసుకున్నది ఇంకో క్యారీ కథే.

“సరే, పెట్టేస్తా ఉండా, లారీ కదల్తాంది” అని ఫోన్ పెట్టేశాడు. వాళ్ళ నాన్న వచ్చిన ఆ రోజు సంగతి ఈసారి కూడా ఎత్తలేకపోయాను.