ఇప్పపువ్వు రాలే నెల

మొన్న శనివారం రాత్రి సంచి సర్దుకుంటున్నాను. పొద్దున్నే నలుగురం కలిసి రేగొండ అవతల పాండవుల గుట్టలకు పోవాలి. మూడున్నరకు తొర్రూరులో బండెక్కితే పొద్దు పొడిచే వేళకు బండల మీద ఉంటామని లెక్క. మాలో అందరికన్నా చిన్నవాడు, బండలెక్కేటప్పుడు తాడు పట్టేవాడు, ఫోన్ చేశాడు.

"సార్, రేపు వద్దు. అటు అడివిల మంటలు చూపెడుతున్నది. పొద్దుగాల పొగ అంతా కిందనే ఉంటది."

నాకు కోపం వచ్చింది. ఎన్నేండ్లుగానో ఈ కాలమ్ చదువుతున్నవాళ్లకు నా పాత పాట తెలుసు: గుట్ట ఎక్కాలంటే చీకటితోనే లేవాలి, ఎండ ముదిరేలోపు దిగాలి, ఒకసారి అనుకున్న ప్రయాణం ఆపొద్దు. ఆ పిల్లవాడు మాత్రం ఆపేశాడు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, ఫోన్‌లో ఉపగ్రహాల పటం తెరిచి, ఎందుకు ఆపాడో ఓపికగా చెప్పాడు. ఈ వారం నాకు దొరికిన సంతోషం అదే.

అడవిలో ఎక్కడ వేడి పుట్టినా ఉపగ్రహాలు పసిగడతాయి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఆ సమాచారాన్ని అటవీ సిబ్బందికి ఫోన్ సందేశాలుగా పంపుతుంది. పేరు నమోదు చేసుకుంటే మనకూ వస్తుంది. పటంలో కనిపించే ఎర్ర చుక్క మంట సైజు కాదు. మెరుగైన ఉపగ్రహానికి కూడా ఒక చుక్క అంటే 375 మీటర్ల చదరం. అందులో ఏ మూల ఎంత కాలుతోందో చుక్క చెప్పదు. రెండు చూపుల మధ్య అంటుకుని ఆరిపోయిన మంట, దట్టమైన చెట్ల కింద పాకే సన్నమంట దానికి చిక్కకపోవచ్చు. కాబట్టి చుక్క ఉంటే పోవద్దు, లేకపోతే ధైర్యంగా పోవచ్చు అనుకోవడం సగమే నిజం.

నన్ను పట్టుకున్నది రెండో మాట, పొగ కిందనే ఉంటుందన్నది. రాత్రి నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. గుట్ట వాలు మీది చల్లగాలి పొగను వెంటబెట్టుకుని లోయలోకి జారుతుంది. తెల్లవారుజామున ఆ గిన్నె నిండి ఉంటుంది. ఎండ పడి నేల వేడెక్కితేనే మూత తెరుచుకుంటుంది. అప్పటికి తొమ్మిదో పదో అవుతుంది. అంటే నేను ఇన్నేండ్లుగా మంచిదని చెప్పిన వేళే పొగ రోజుల్లో అన్నిటికన్నా చెడ్డ వేళ. పైగా ఎక్కేవాడు కూర్చున్నవాడికన్నా ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు. తడి తువ్వాల ముక్కుకు కట్టుకుంటే చాలునని కూడా ఇక్కడ రాశాను. అది తప్పు. పొగలోని రేణువులు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు, బట్ట వాటిని ఆపలేదు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్-95 మాస్కు ఆపుతుంది. దాన్ని పెట్టుకుని మార్చి ఎండలో బండ ఎక్కడం ఎంతసేపు?

శాన్ హోజేలో ఉండే మా అన్న బిడ్డకు ఇవన్నీ కొత్త కాదు. 2020 సెప్టెంబరు 9న అక్కడ ఆకాశం నారింజ రంగుకు తిరిగింది, పొద్దున పదింటికి దీపాలు వేసుకున్నారు. ఆ నెలలోనే పొగవల్ల యోసెమిటీ పార్కును మూసేశారు. "బాబాయ్, మేం ఎప్పుడూ రెండు చోట్లు అనుకొని పెట్టుకుంటం. ఒకటి కొండల్ల, ఒకటి సముద్రం పక్క. పొద్దున గాలి అంకె చూసి ఎటు పోవాల్నో తేల్చుకుంటం" అంటుంది. పొగ తేలేదాకా ఆగి పదింటికి బయల్దేరే వీలు కూడా వాళ్లకు చాలాచోట్ల ఉంది. మనకు పదింటికి బండ కాలుతుంది. పొగకు భయపడితే ఎండకు చిక్కాలి, ఎండకు భయపడితే పొగకు చిక్కాలి.

ఇక్కడ నాకు తాడ్వాయి గుర్తొచ్చింది. 1987లో అటువైపు ఒక కోయగూడెం బడిలో పంతులుగా ఉన్నాను. ఫాల్గుణంలో ఒక ఆదివారం పిల్లల్ని వెనక గుట్ట మీదికి తీసుకుపోవాలనుకున్నాను. తెల్లారి తలుపు తీస్తే గుట్టే లేదు. వాగు దగ్గర నుంచి గూడెం దాకా నీలం పొగ, కదలకుండా. ఇద్దరు పిల్లలు దగ్గుతూ వచ్చారు. ప్రయాణం మానేసి, ఎవరు తగలబెట్టారో అడుగుదామని బయల్దేరాను.

ఇప్పచెట్టు కింద ఒక ముసలవ్వ ఒంగి పువ్వు ఏరుతోంది. ఇప్పపువ్వు రాత్రి చివరి జాములో రాలడం మొదలుపెట్టి పొద్దెక్కేదాకా రాలుతుంది. పాలమీగడ రంగులో, కండగా, తీపి వాసనతో ఉంటుంది. ఎలుగుబంటికీ అదంటే ప్రాణం. దానికన్నా ముందు మనిషి చేరాలి. చెట్టు కింద మోకాలి లోతు ఎండుటాకు ఉంటే ఆ పువ్వు దొరకదు. అందుకే ముందటి సాయంత్రం ఆకు ఊడ్చి కాలుస్తారు.

"అవ్వా, పిల్లలు దగ్గుతున్నరు, ఎందుకు కాల్చినవ్?" అన్నాను. ఆమె నడుం ఎత్తి నన్ను చూసింది. చెట్టు చుట్టూ తను ఊడ్చిన గుండ్రని నేల చూపించింది. మొదలుకు మంట తగలకుండా ఆకును దూరంగా కుప్ప చేసిందట, గాలి పడిపోయాక అంటించిందట, బూడిదయ్యేదాకా పక్కనే కూర్చుందట. "కూసోకుంట పోయినోళ్ల మంటనే అడివెక్కుతది సారూ" అంది. మళ్లీ ఒంగి ఏరుకుంటూ, "ఈ నెల మాది. మీరు చలికాలం రాండ్రి" అంది.

ఆ మాటను అప్పుడు నేను మర్యాదలేని మాటగా తీసుకున్నాను. ఆ పువ్వు ఎండబెట్టి అమ్మితేనే ఆమెకు ఉప్పూ బియ్యమూ. దాని తర్వాత తునికాకు, యాభై ఆకుల కట్టలు. ఏడాదిలో చేతికి డబ్బు వచ్చే రెండు నెలలు అవే. నేను ఆ రెండు నెలల్లో ఒక ఆదివారం సరదా అడిగాను.

నిప్పు మంచిదని చెప్పడం లేదు. నేల మీద పాకే మంట మొలకల్ని తినేస్తుంది, నేలమీద గూడు పెట్టే పిట్టల గుడ్లను మాడ్చేస్తుంది. కొన్ని చోట్ల ఇప్పచెట్టు కింద వలలు కట్టి, అగ్గి లేకుండానే పువ్వు పడుతున్నారు. అది మన అడవులన్నిటికీ రావాలి, ఆ వలల ఖర్చు ఏరుకునేవాళ్ల మీద పడకూడదు. యాత్రకని వచ్చి బీడీ ముక్క విసిరేవాడికీ, బిర్యానీకి పొయ్యి పెట్టి ఆర్పకుండా పోయేవాడికీ మాత్రం ఏ సాకూ లేదు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు పోయినవాళ్లను కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. అదీ ఈ నెలే. పొగ కనిపించినచోట మంట ఎంత దూరమో లోయలో ఉన్నవాడికి తెలియదు. ఎండుగడ్డి వాలు మీద మంట పైకే పరుగెత్తుతుంది, మనిషి కాళ్లు దానితో పోటీపడలేవు.

ఆ పిల్లవాడితో మాట్లాడుతున్నంతసేపూ నేను వేళ కోసమే వెతికాను. తెల్లారి కాకపోతే సాయంత్రమా, అటు గాలి అయితే ఇటు గుట్టా అని. వనభోజనాలు మనవాళ్లు కార్తీకంలో ఎందుకు పెట్టుకున్నారో అప్పుడు తట్టింది. ఉసిరిచెట్టు కింద పొయ్యి పెట్టినా అంటుకోనంత తడి నేలలో ఉండే నెల అది. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం లింగమయ్య దగ్గరికి జనం నడిచిపోతారు, నిజమే. అది మొక్కు. నాది మొక్కు కాదు, నాకు ఏ నెలైనా ఒకటే. కాబట్టి ఫాల్గుణం నుంచి తొలకరి దాకా అడవి గుట్టలు ఎక్కను. అనుకున్న ప్రయాణం ఆపొద్దన్న నా పాత మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

మరి వచ్చే నెల మా ఊరి గాలీ తేలిగ్గా ఉండదు. ఎస్సారెస్పీ కాలువ కింద యాసంగి వరి గింజ గట్టిపడుతోంది. కోత మిషన్లు వచ్చి పోయాక కొయ్యకాళ్లకు అగ్గి పెడతారు. పొద్దున చెరువుకట్ట మీద నడిచేవాళ్లు అవతలి తాటిచెట్లు చూడండి. రోజూ విడివిడిగా కనిపించేవి ఒకటే గోడలా కనిపిస్తే ఆ పూటకు ఇంటికి తిరగండి, సాయంత్రం గాలి ఆడుతున్నప్పుడు నడవండి.

పాండవుల గుట్టల ప్రయాణం కార్తీక పౌర్ణమి తర్వాతి ఆదివారానికి రాసుకున్నాం. బండలమీది పాత బొమ్మలు ఎక్కడికీ పోవు. పిల్లవాడు తాడు తీసుకుపోయి ఎండకు వేస్తానన్నాడు.