గొంతు ఉంది, కొలువేది?

ఒపేరా గాయకుడిగా బతకాలంటే ఏం చెయ్యాలని మిర్యాలగూడలో అడిగి చూడండి. "అదేంటి?" అంటారు. కానీ ఒక మనిషి ఒంటరిగా స్టేజీ మీద నిలబడి, తన కష్టాన్నంతా గొంతెత్తి పాడితే వందల మంది తెల్లారేదాకా కూచుని వినడం ఏంటో ఆ ఊళ్లో ఎవరికీ వివరించక్కర్లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పెరిగిన మా తరం చాలామంది చిన్నప్పుడు హరిశ్చంద్ర కాటిసీను క్యాసెట్ వినే ఉంటారు. మా ఇంట్లో అయితే టేపు అరిగిపోయింది. డి.వి. సుబ్బారావు పద్యం ఎత్తుకోగానే మా తాత మంచం మీద లేచి కూచునేవాడు. పద్యం అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు.

ఈ మధ్య అదే కాటిసీను హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. అంతకుముందు కొన్ని వారాలుగా ఇటాలియన్ ఒపేరాలు వింటున్నాను. రెండూ పక్కపక్కన పెడితే పోలికలు బోలెడు. అక్కడ ఆరియా, ఇక్కడ పద్యం. అక్కడ కథ నడిపించే రెసిటటివ్, ఇక్కడ పద్యానికీ పద్యానికీ మధ్య వచనం. ఒపేరా గాయకుడు మైకు లేకుండా ఆర్కెస్ట్రాని దాటి వినపడాలి. ఆర్కెస్ట్రా బలం తగ్గే 3,000 హెర్ట్జ్ దగ్గర తన గొంతు మోగేలా ఏళ్ల తరబడి సాధన చేస్తాడు. మన నటుడికి అడ్డం వచ్చేది ఆర్కెస్ట్రా కాదు, ఆరుబయట జనం. అందుకే హార్మోనియం శ్రుతి పైకి పెట్టుకుని, సమాసాన్ని ముక్కముక్కగా విరిచి, ప్రతి మాటా చివరి వరుసకు చేరేలా విసురుతాడు. రాగం ఆ తర్వాత.

ఇంకో పోలిక నాకు మరీ నచ్చింది. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ కాటిసీనులో జనం ఎదురుచూసే పద్యాలు కొన్ని జాషువావి. శ్మశానం మీద ఆయన రాసిన పద్యాలు నాటకంలో కలిసిపోయాయి. 18వ శతాబ్దపు ఇటలీలోనూ ఇంతే. గాయకులు తమకు పేరు తెచ్చిన పాటను ట్రంకు పెట్టెలో సామానులా వెంట తీసుకెళ్లి, ఏ ఒపేరాలోనైనా ఇరికించి పాడేవాళ్లు. రచయిత కన్నా గాయకుడే పెద్ద అన్నమాట. ఇక వన్స్‌మోర్ సంగతి. మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా హౌస్‌లో ఏకగాయకుడు పాటను తిరిగి పాడటం 1933 తర్వాత ఆగిపోయింది. 2007లో హువాన్ డియేగో ఫ్లోరెస్ పాడితే అదొక పెద్ద వార్త. మన దగ్గర వన్స్‌మోర్ పడకపోతే వార్త!

మరి తేడా ఎక్కడ? జీతం దగ్గర.

ఒపేరా అనగానే మనకు పవరాటి గుర్తొస్తాడు. కానీ ఒపేరా పాడి బతికే వాళ్లందరూ పవరాటీలు కాదు. పెద్ద ఒపేరా హౌస్‌కి జీతాలిచ్చి పోషించే కోరస్ ఉంటుంది. రిహార్సల్స్ ఉంటాయి. స్టార్ కాకపోయినా పాడుతూ ఇల్లు నడుపుకోవచ్చు. మన పద్యనాటకం స్టార్లను తయారు చేసింది గానీ ఆ మధ్య మెట్టు కట్టలేదు. కంట్రాక్టు పద్ధతిలో ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుణ్ని పిలిచి, ఆ రాత్రికి నాటకం కట్టేవాళ్లు. రాయబారంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు. కలిసి రిహార్సల్ చేసింది లేదు. ఎదుటి పాత్ర ఏం చేస్తుందో పట్టించుకునే తీరికా లేదు. తన పద్యానికి వన్స్‌మోర్ పడిందా లేదా, అంతే. వచ్చే కంట్రాక్టు దాని మీదే ఆధారపడి ఉంది మరి.

పద్యనాటకం మీద విమర్శకులు ఎప్పట్నుంచో చేసే ఫిర్యాదు ఒకటుంది: రాగం సాగదీసి భావాన్ని చంపేస్తున్నారని. నిజమే. కొడుకు శవం ముందున్న తండ్రి అంతసేపు ఆలాపన చేస్తుంటే నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. కానీ దాన్ని అభిరుచి లోపం అనడం సగం మాటే. రాత్రికింత అని కూలి తీసుకునే గాయకుడు తన విలువను ఆ రాత్రే రుజువు చేసుకోవాలి. ఆ సాగదీతలో సగం కళ, సగం రేపటి భయం.

మా వైపు కోరస్ లేకపోలేదు. చిరుతల రామాయణం ఉంది. గురువు వచ్చి నెలల తరబడి నేర్పిస్తాడు. రైతులూ కూలీలూ చిరుతలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడతారు. ఒక్కరి గొంతు ముందుకు తోసుకురాదు, పాట సాగదు, కథ ఆగదు. కానీ జీతం లేదు. మా ఊళ్లో రాముడు కట్టినాయన తెల్లారి కిరీటం తీసేసి రైస్ మిల్లులో బస్తాలు మోయడానికి పోయేవాడు. అంత గొంతు నేను మళ్లీ వినలేదు.

కలిసి పాడటాన్నే వృత్తిగా నిలబెట్టుకున్నది ప్రధానంగా సురభి వాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలై ఇప్పటికీ ఆడుతున్నారు. అయితే అది కుటుంబం. అందులో పుట్టిన పిల్లలు స్టేజీ పక్కనే పెరిగి నటులయ్యారు. కోదాడ పిల్లాడికి ఆ తలుపు అంత తేలిగ్గా తెరుచుకోదు.

ఇవాళ ఆ పిల్లాడు నిజంగానే ఒపేరా నేర్చుకోవాలంటే, దూరమైనా, ఖరీదైనా, దారి ఉంది. చెన్నైలో రెహమాన్ 2008లో పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్జర్వేటరీలో పాశ్చాత్య గాత్రం చెప్తారు. ఆ తర్వాత విదేశం. అదే పిల్లాడు పద్యం పాడి బతుకుతానంటే ఏ ఊరు వెళ్లమని చెప్పాలి? ఏ నెల జీతం చూపించాలి?

ఇప్పుడు ఆ కాటిసీను వింటుంటే రాగం ఎక్కువైందని విసుక్కోలేకపోతున్నాను. మా తాత లేచి కూచున్నది పద్యం కోసమే. పాడినాయన మాత్రం ఆ పద్యాన్ని మర్నాటి బస్సు చార్జీతో సహా మోశాడేమో అనిపిస్తుంది.