దృశ్యమూ – దృక్పథమూ
స్మార్ట్‌ఫోనుతో తీసిన దృశ్యం దానంతటదే అభ్యుదయకరమని కొందరు మిత్రుల వాదన. ఇది సగం సత్యం మాత్రమే. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో, చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు నలుగురు దళిత యువకులను కారుకు కట్టి కొట్టారు. ఆ వీడియో తీసి సోషల్ మీడియాలో పంచినది కొట్టినవారి పక్షమే. భయపెట్టడం వారి ఉద్దేశం. కాని దళిత ప్రజానీకం దానిని నేరానికి సాక్ష్యంగా గ్రహించింది. సురేంద్రనగర్ కలెక్టరు కార్యాలయం ముందు పశుకళేబరాలను పడవేసింది. ఆగస్టులో అహ్మదాబాదు నుంచి ఊనాకు యాత్ర సాగించింది. దృశ్యం మారలేదు, దాని అర్థాన్ని తలకిందులు చేసినది పీడితుల దృక్పథమూ, సంఘటిత చర్యా. కనుక ఎందరు చూశారన్న లెక్క వ్యాపారికి చాలు. చూసినవారు ఏం చేశారన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.